నది మొగను ఊరే కాపాడుకోవాలంటే: మడ అడవి నుంచి తాబేలు గూడు దాకా సమగ్ర మార్గదర్శి

ఏటా జూలై 26న అంతర్జాతీయ మడ అడవుల దినోత్సవం వస్తుంది. ఆ రోజు తీరంలో చాలాచోట్ల మోకాలి లోతు బురదలోకి దిగి, బ్యానరు పట్టుకుని, మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు. ఏడాది పోయాక అదే చోటికి వెళ్ళి ఎన్ని బతికాయో లెక్కపెట్టేవాళ్ళు మాత్రం బహు తక్కువ. నది సముద్రంలో కలిసే మొగను కాపాడే పనుల్లో మొక్క నాటడం బాగా వెనక వచ్చే పని. దానికంటే ముందు నీటి సంగతి చూడాలి. నీటికంటే ముందు, ఆ నీళ్ళలో రోజూ వల వేసే మనుషుల సంగతి చూడాలి. ఈ మార్గదర్శి ఆ వరసలోనే రాశాను.

ఉదాహరణలు ఎక్కువగా గోదావరి మొగవి. కాకినాడ దాటి చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు, గాడిమొగ, భైరవపాలెం వైపు వెళ్తుంటే గౌతమి పాయ చుట్టూ మడ అడవి కనిపిస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ ఇక్కడిదే. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. సముద్రం వైపు హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిప్ప అడ్డుగా ఉంటుంది. నాగాయలంక, సొర్లగొంది వైపు కృష్ణా మొగ ఊళ్ళవాళ్ళకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. అక్కడి పాయల లోతు, జనం పనులు వేరు కాబట్టి వివరాలు మీరే సరిచూసుకోవాలి.

మొదట ఎవరెవరున్నారో తెలుసుకోండి

"గ్రామస్తులు" అని ఒక్క మాటలో తేల్చేస్తే పని అక్కడే చెడుతుంది. ఒకే ఊళ్ళో సముద్రం మీదకు ఫైబరు బోటులో వెళ్ళేవాళ్ళుంటారు. పాయల్లో విసురు వల వేసేవాళ్ళు, మడల్లో చేత్తో మండపీతలు పట్టేవాళ్ళు, గుల్లలు ఏరేవాళ్ళు ఉంటారు. పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకునే ఆడవాళ్ళు, గేదెలను మేతకు తోలేవాళ్ళు, రొయ్యల చెరువుల రైతులు, ఆ చెరువుల దగ్గర కాపలా కూలీలు ఉంటారు. వీళ్ళ అవసరాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. మడ కొట్టొద్దని తీర్మానం చేస్తే బోటు ఓనరుకు పోయేదేమీ లేదు, పుల్లలు తెచ్చుకునే మనిషికి ఆ పూట పొయ్యి వెలగదు. ఆమెకు గ్యాస్ సంగతి, వేరే కట్టెల సంగతి తేల్చకుండా చేసిన తీర్మానం కాగితం మీదే ఉంటుంది.

మీటింగు పెట్టే వేళ కూడా చూసుకోండి. ఆఫీసు టైములో పంచాయతీ కార్యాలయంలో పెడితే వచ్చేది ఖాళీగా ఉన్నవాళ్ళే. పున్నమి, అమావాస్యల చుట్టూ పోటు పెద్దగా ఉంటుంది, అష్టమి నాటికి తగ్గుతుంది. వేటకు వెళ్ళే వేళలు దాన్నిబట్టే మారతాయి. ఏ రోజుల్లో మగవాళ్ళు ఊళ్ళో ఉంటారో, చేపలు అమ్మే ఆడవాళ్ళు మార్కెట్టు నుంచి ఎప్పుడు తిరిగొస్తారో అడిగి, ఆ రెండూ కలిసే సాయంత్రం పెట్టుకోండి. అడవిలో పీతలు పట్టే యానాదుల్లాంటి కుటుంబాలు ఊరి చివర ఉంటాయి, పెద్ద మీటింగులో నోరు విప్పవు. వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళి వినాలి. ఏ కయ్యలో (చిన్న నీటి పాయలో) ఏ నెలలో ఏముంటుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మొదటి మీటింగులోనే "మాకేంటి లాభం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న రానివ్వండి, రావాలి కూడా. రొయ్య, పీత, పండుగప్ప లాంటివి పిల్ల దశలో ఈ పాయల్లోనే, మడ వేళ్ళ మధ్యే పెరుగుతాయి. ఆ సంగతి మత్స్యకారులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాను సంగతీ అంతే. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1977లో దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ ఏమయ్యాయో చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను మాట్లాడనివ్వండి, మీ పవర్‌పాయింట్ తర్వాత చూపించొచ్చు.

మ్యాపు వేయండి, రిజిస్టరు తెరవండి

గుడి ముందో, సామాజిక భవనం ముందో నేల మీద ముగ్గుతో మొగ బొమ్మ గీయండి. పాయలు, కయ్యలు, తిప్పలు, మడ దట్టంగా ఉన్నచోటు, చచ్చిపోయిన చోటు, తాబేళ్ళు ఎక్కే ఇసుక, పక్షులు వాలే బురద నేల, చెరువుల మురుగు కలిసే తూములు అన్నీ గుర్తు పెట్టించండి. తర్వాత పెద్దవాళ్ళను అడగండి: ముప్పై ఏళ్ళ కింద ఏ కాలువ పారేది, ఇప్పుడు ఏది మూసుకుపోయింది? ఏ చేప రావడం మానేసింది? ఈ రెండు జవాబులే మీ పనికి పునాది. ముగ్గు చెరిగిపోక ముందే పెద్ద షీటు మీదకు ఎక్కించి, ఫోనులో జీపీఎస్ గుర్తులు పెట్టుకోండి.

ప్రతి చోటూ ఎవరి అధీనంలో ఉందో రాసుకోండి: అభయారణ్యమా, రిజర్వు అడవా, రెవెన్యూ భూమా, పట్టానా? ఇది తప్పనిసరి. అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా కాలువ తవ్వినా, మొక్క నాటినా అది నేరం కిందకే వస్తుంది, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా సరే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలాచోట్ల ఈ రిజిస్టరు ఎవరో కన్సల్టెంటు రాసిచ్చిన ఫైలుగా బీరువాలో ఉంటుంది. దాన్ని బయటకు తీయించి, మీ మ్యాపుతో పోల్చి, తప్పులు దిద్దించండి. రేపు ఏదైనా ప్రాజెక్టు మీద అభ్యంతరం చెప్పాల్సి వస్తే ఆ రిజిస్టరు మీ చేతిలో గట్టి కాగితం అవుతుంది.

పరికరాలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాయలో పాతడానికి గుర్తులు గీసిన కర్ర ఒకటి చాలు, పోటు ఎక్కడిదాకా ఎక్కుతుందో చూపిస్తుంది. సెలినిటీ (నీటి ఉప్పుదనం) చూసే రిఫ్రాక్టోమీటరు రొయ్యల రైతుల దగ్గర ఎలాగూ ఉంటుంది, నెలకు రెండు రోజులు అడిగి తీసుకోండి. సముద్రపు నీరు సుమారు 35 (వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళ ఉప్పు) చూపిస్తుంది. మడ చచ్చిన గుంటల్లో వేసవిలో అంతకు ఎంతో ఎక్కువ చూపిస్తే, రోగం ఏమిటో మీకు సగం తెలిసినట్టే.

ఊరి కట్టుబాటు

తీర గ్రామాల్లో కుల పెద్దలు, కట్టుబాటు, తప్పు (జరిమానా) కట్టించడం ఇవన్నీ చట్టాల కంటే పాతవి. వాటి మంచిచెడ్డల మీద నాకు అభ్యంతరాలున్నాయి. ముఖ్యంగా ఆడవాళ్ళకు అక్కడ చోటు ఉండదు. అయినా ఏ పాయలో ఎవరు ఎప్పుడు వల వేయాలో తేల్చే శక్తి ఇప్పటికీ ఆ వ్యవస్థకే ఉంది. దాన్ని పక్కన పెట్టి కొత్త కమిటీ వేస్తే ఆ కమిటీ మాట ఎవరూ వినరు. పెద్దలను కూర్చోబెట్టండి, వాళ్ళ పక్కనే చేపలమ్మే ఆడవాళ్ళను, కుర్రవాళ్ళను కూడా కూర్చోబెట్టండి.

నియమాలు మూడు నాలుగు మించొద్దు. ఎక్కువమంది ఒప్పుకునేవి ఇవి: పాయల్లో విషపు మందు కలిపి చేపలు పట్టకూడదు, అలా పట్టినవాడికి తప్పు. బాగా సన్నకన్ను వలలు ఫలానా కయ్యల్లో ఫలానా నెలల్లో వేయకూడదు. చిన్న పీతను తిరిగి నీళ్ళలో వదలాలి. పచ్చి మడ కొట్టకూడదు.

చీరమీను సంగతి దగ్గర జాగ్రత్త. వానాకాలం వెళ్ళాక యానాం, భైరవపాలెం వైపు చీరలతో పట్టే ఆ సన్నటి చేప పిల్లలకు మార్కెట్లో మంచి ధర ఉంటుంది, కొన్ని ఇళ్ళకు ఏడాదిలో అదే పెద్ద ఆదాయం. దాన్ని ఒక్కసారిగా నిషేధిస్తామంటే మీటింగు అక్కడే ముగుస్తుంది. ఒకటి రెండు కయ్యలను వదిలేద్దామనో, కొన్ని రోజులు ఆపుదామనో మొదలుపెట్టి, ఫలితం చూశాక మిగతాది మాట్లాడొచ్చు.

నియమం పంచాయతీ తీర్మానంగా రాయించండి. తప్పు కింద వచ్చిన డబ్బు ఎక్కడ జమ అవుతుందో, దేనికి ఖర్చు పెడతారో ముందే రాయండి. గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఇంకో మాట: పాయ ఒక్క ఊరిది కాదు. మీ ఊరు వల ఆపిన కయ్యలోకి పక్క ఊరి పడవ వస్తే మీవాళ్ళు మరుసటి రోజే నియమం వదిలేస్తారు. కాబట్టి ఆ పాయను వాడే ఊళ్ళన్నిటినీ కలిపి కూర్చోబెట్టాలి. గౌతమి మొగలో దీనికి అదనపు చిక్కు ఉంది. యానాం పుదుచ్చేరి పాలనలోది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. అధికారులు వేరు, రాయితీలు వేరు, నది మాత్రం ఒకటే. పెద్దల మధ్య మాట కుదిరితేనే అక్కడ ఏదైనా నిలబడుతుంది.

సముద్రం మీది నియమాలు చట్టంలోనే ఉన్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్ళు సంప్రదాయ మత్స్యకారులవి, ట్రాలర్లు (పెద్ద వల లాగే మరపడవలు) లోపలికి రాకూడదు. ఈ రెండో నియమాన్ని అమలు చేయించడం తాబేళ్ళకూ, మీ ఊరి చిన్న పడవలకూ ఒకేసారి మేలు చేస్తుంది. మీటింగులో దీన్ని ముందు పెట్టండి, మద్దతు దానంతట అదే వస్తుంది.

నీటికి దారి ఇవ్వండి, ఆ తర్వాతే మొక్క

మడ అడవి ఎందుకు చచ్చిపోతుందో అర్థమైతే పని సగం తేలికవుతుంది. మన తూర్పు తీరపు మొగల్లో ఒకప్పుడు అడవిని కూపులుగా విడగొట్టి, వంతులవారీగా మొత్తం నరికేవారు. చెట్టు పోయి ఎండ తగలడంతో తేమ ఆరి నేల కుంగింది, మధ్యలో పళ్ళెంలా గుంట పడింది. పెద్ద పోటుకు నీరు అందులోకి వస్తుంది, వెనక్కి పోయే దారి లేదు. అది ఎండలో ఇగిరి ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. కొన్నేళ్ళకు అక్కడ మడ విత్తనం పడినా మొలవదు. రోడ్డు కట్టలు, చెరువు గట్లు పాయను మూసేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ గుంటలో మొక్కలు తెచ్చి నాటితే అవి కూడా ఎండిపోతాయి. జూలై 26 మొక్కల్లో చాలావాటి కథ ఇదే.

దీనికి మందు కాలువలు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ తూర్పు తీరంలో, గోదావరి, కృష్ణా మొగలతో సహా, గ్రామ కమిటీలతో, అటవీ శాఖతో కలిసి చేసిన పని ఈ పద్ధతికి ఆధారం. పాయ నుంచి పాడైన నేల మధ్యదాకా ఒక ప్రధాన కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా కనిపిస్తుంది, పేరూ అదే. పోటుకు నీరు లోపలికి వచ్చి, తగ్గేటప్పుడు మొత్తం వెనక్కి పోవాలి. వచ్చీ పోయే ఆ నీరే ఉప్పును కడిగేస్తుంది.

పని వరస ఇలా ఉంటుంది.

ముందు లెవెల్ సర్వే (నేల ఎత్తుపల్లాల కొలత) చేయించండి. కాలువ అడుగు పాయ వైపు వాలకపోతే తవ్విందంతా కొత్త గుంట అవుతుంది. అంచనాతో తవ్వొద్దు, ఇంజినీరింగు కాలేజీ వాళ్ళనో అటవీ శాఖ సర్వేయరునో పిలవండి.

తవ్వకం వేసవిలో, నేల ఆరినప్పుడు. కాలువ పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండాలి, నిట్టనిలువుగా తవ్వితే గట్టు కూలుతుంది. తీసిన మట్టిని కాలువ అంచునే గుట్టగా పోస్తే మొదటి వానకు తిరిగి అందులోకే వస్తుంది. దూరంగా పరిచేయండి.

నాటడం అక్టోబరు, నవంబరులో. వరద నీటికి, వానకు నేలలో ఉప్పు తగ్గి ఉంటుంది. మొక్కను కాలువ వాలు మీద, పోటు నీరు తగిలే ఎత్తులో నాటాలి. మరీ కిందకు పెడితే ఎప్పుడూ మునిగి కుళ్ళుతుంది, మరీ పైన పెడితే నీరందదు.

ఏ మొక్క అంటే, పక్కనే సహజంగా ఏముందో చూడండి. తెల్లమడ ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, బాగుచేస్తున్న నేలకు మొదట అదే. నల్లమడ, పొన్న లాంటివి నీరు బాగా ఆడే పాయ అంచులకు. చోటు కుదుటపడ్డాక మిగతావి కలపండి. ఒకే రకం వరసల్లో నాటితే తోట అవుతుంది, అడవి కాదు. పొన్న కాయ చెట్టు మీదే మొలకెత్తి పొడవుగా వేలాడుతుంది, పక్వానికి వచ్చి రాలినవి ఏరి నేరుగా బురదలో గుచ్చొచ్చు. తెల్లమడ, నల్లమడ విత్తనాలను పోటు నీరు తగిలే నర్సరీలో సంచుల్లో పెంచి, కొంచెం ఎదిగాక మార్చడం మేలు.

మొదటి రెండు మూడేళ్ళు కాలువల్లో ఒండ్రు తీయాలి, గేదెలు రాకుండా చూడాలి. బడ్జెట్టులో ఈ డబ్బు లేకపోతే మొదలుపెట్టకండి. నీరు సరిగా ఆడుతున్న చోట పాయ తెచ్చిన విత్తనాలు వాటంతట అవే మొలుస్తాయి. అవి కనిపించాయంటే మీ కాలువ పనిచేస్తున్నట్టు. అక్కడ ఇంకా మొక్కలు నాటి డబ్బు వృథా చేయొద్దు.

నాటకూడని చోట్లూ ఉన్నాయి. ఖాళీగా కనిపించే బురద మైదానం పనికిరాని నేల కాదు, వలస పక్షులు తిండి తినేది అక్కడే. తాబేళ్ళు ఎక్కే ఇసుకలో నీటి అంచుదాకా సరుగుడు పెంచడం తీరంలో అలవాటైపోయింది. ఆ వేళ్ళ మధ్య తాబేలు గొయ్యి తవ్వలేదు. ఇసుకను ఇసుకగానే వదలండి.

వేసవిలో ధవళేశ్వరం దాటి వచ్చే మంచినీరు బాగా తగ్గిపోవడం మొగ మొత్తాన్ని ఉప్పెక్కిస్తోంది. అది ఊరి చేతిలో లేదు. మీ సెలినిటీ రిజిస్టరు కొన్నేళ్ళు క్రమం తప్పకుండా ఉంటే మాత్రం నీటి పారుదల అధికారుల ముందు పెట్టడానికి ఒక ఆధారం ఉంటుంది. ఊళ్ళ దగ్గర సాధారణంగా అదే ఉండదు.

తాబేళ్ళు: రాత్రి కాపలా

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మన ఇసుక తీరాల్లో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో సుమారు వంద నుంచి నూట ఇరవై గుడ్లు. ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు జంతువు. గుడ్లు తీసినా, తాబేలును పట్టినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. కాపాడదామని అనుమతి లేకుండా గుడ్లు కదిపినా అదే చట్టం. కాబట్టి మొదటి పని అటవీ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, వాళ్ళ శిక్షణలో పనిచేయడం.

కాపలాకు ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళాలి. టార్చి వెలుగు సముద్రం వైపు వేయకూడదు, ఎర్ర కాగితం కట్టుకుంటే మేలు. తాబేలు పైకి ఎక్కుతుంటే కదలకుండా కూర్చోండి. గుడ్లు పెట్టకముందు అలికిడైతే వెనక్కి పోతుంది. పెట్టి, ఇసుక కప్పి, తిరిగి వెళ్ళేదాకా ఫొటోలు వద్దు.

కుక్కలు, నక్కలు, పోటు బెడద లేని గూడును అక్కడే ఉంచి వల కప్పడం అన్నిటికంటే మంచి పద్ధతి. వీలుకాకపోతేనే హేచరీ, అంటే గుడ్లను తెచ్చి పూడ్చి కాపాడే చోటు. మార్చాల్సి వస్తే గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆ తర్వాత లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. తీసేటప్పుడు ఎటు ఉన్నదాన్ని అటే ఉంచి, బకెట్టులో ఇసుక మీద పేర్చి, కుదుపు లేకుండా నడిచి తేవాలి. హేచరీలో గొయ్యి తాబేలు తవ్వినట్టే, సుమారు 45 సెంటీమీటర్ల లోతు, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉండాలి. గూటికొక నంబరు, తేదీ, గుడ్ల లెక్క బోర్డు మీద రాయండి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఎక్కువగా ఆడవే పుడతాయి. అందుకే మార్చి దాటాక గూళ్ళపైన కొంత నీడ పందిరి వేస్తారు.

పిల్లలను వదలడం దగ్గరే నాకు కోపం వస్తుంది. అతిథి వస్తారని, పత్రికలవాళ్ళు వస్తారని పొద్దెక్కేదాకా టబ్బుల్లో ఉంచుతారు. పుట్టినప్పుడు పిల్లలో ఉండే శక్తి సముద్రంలో మొదటి ఈతకు. అది టబ్బులోనే ఖర్చయిపోతుంది. పైగా ఎండలో ఇసుక కాలుతుంది, కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి. బయటికొచ్చిన రాత్రే, చీకట్లో, ఇసుక మీద కొంత దూరం వాటంతట అవి నడిచేలా వదలండి. చేత్తో నీళ్ళలో వేయొద్దు. రోజూ ఒకేచోట వదిలితే చేపలు అక్కడికే చేరతాయి, చోటు మార్చండి. అతిథికి గూళ్ళ బోర్డు చూపించండి, చాలు.

పిల్లలు వెలుగు వైపు పాకుతాయి. తాబేళ్ళ కాలం అయ్యేదాకా తీరం వైపు వీధి దీపాలకు అడ్డు కట్టమని పంచాయతీని అడగడం పైసా ఖర్చు లేని పని.

చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే పూడ్చేముందు తేదీ, చోటు, పైపెంకు పొడవు, గాయాలు రాసి, ఫొటో తీసి రేంజి ఆఫీసుకు చెప్పండి. పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించమని అడగండి. ట్రాల్ వలలో చిక్కిన తాబేలు ఊపిరి అందక చనిపోతుంది. వల నుంచి తాబేలు బయటపడే పరికరం ట్రాలర్లకు తప్పనిసరి, అది బిగించారా లేదా అన్నది చూడాల్సింది మత్స్య శాఖ. ఏ తేదీల్లో ఎన్ని కొట్టుకొచ్చాయో మీ దగ్గర లెక్క ఉంటే, ఆ రోజుల్లో దగ్గరగా తిరిగిన ట్రాలర్ల గురించి గట్టిగా అడగొచ్చు.

నీటికుక్కలు, బావురు పిల్లులు, పక్షులు

నీటికుక్కలు వలలు చింపుతాయి. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకుండా ఎక్కడ, ఏ వల, ఎంత నష్టమో రాయించండి. సాధారణంగా ఒకటి రెండు చోట్లే మళ్ళీ మళ్ళీ జరుగుతుంది, అక్కడ వల వేళ మార్చుకోవచ్చు. బావురు పిల్లి రాత్రిపూట పాయ అంచున చేపలు, పీతలు పడుతుంది. జనం కంట్లో పడదు. చిరుతపులి పిల్ల అనుకుని కర్రలు పట్టుకుని వెంటపడే ప్రమాదం ఉంది. ఆ జంతువు ఫొటో టీకొట్టు గోడ మీద అంటించినా ఎంతో కొంత పని జరుగుతుంది. అడుగుజాడలు, పొలుసులతో ఉన్న పెంట చూసిన చోట్లు మ్యాపు మీద పెట్టండి. కెమెరాలు పెట్టడం అటవీ శాఖ అనుమతితోనే. తాబేలు గూళ్ళను తవ్వే ఊరకుక్కలు పెద్ద సమస్య, చేపల వ్యర్థాలు తీరాన పడేయకపోతే అవి తగ్గుతాయి.

పక్షులకు జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, అందులో చేరండి. పోటు వేళకు వెళ్ళాలి. బురద మునిగితే పక్షులన్నీ మిగిలిన తిప్ప మీదకు చేరతాయి, లెక్క సులువు. ఇండియన్ స్కిమ్మర్ లాంటి అరుదైన పక్షి చలికాలం గడపడానికి కాకినాడ ఇసుక తిప్పలకు వస్తుంది. అక్కడికి పడవ దగ్గరగా పోనివ్వకపోవడమే దానికి మీరు చేయగలిగే రక్షణ.

చెరువులు, గట్లు, ఫిర్యాదులు

రొయ్యల రైతును మొదటి రోజే శత్రువును చేసుకోకండి. అతను నీరు తోడేదీ, వదిలేదీ అదే పాయలో. ఒక చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి ఆ నీరు పాయలోకి వదిలితే కింది చెరువులకూ అంటుకుంటుంది. "రోగం వచ్చిన నీరు శుద్ధి చేయకుండా వదలొద్దు" అన్న నియమానికి రైతులే ముందుకొచ్చే అవకాశం ఉంది.

మడ కొట్టి కొత్త చెరువు తవ్వుతుంటే మాత్రం మొహమాటం వద్దు. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషను ప్రకారం మడ అడవి అత్యంత రక్షిత విభాగంలో ఉంటుంది. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడకు చుట్టూ 50 మీటర్లు రక్షణ పట్టీ ఉండాలి. 2005 తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద చెరువుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. జీపీఎస్ ఉన్న ఫొటోలు, సర్వే నంబరు, పాత ఉపగ్రహ చిత్రం పక్కన కొత్తది పెట్టి కలెక్టరుకు, అటవీ శాఖకు, రాష్ట్ర తీర ప్రాంత యాజమాన్య అథారిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. స్పందన లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్ళొచ్చు. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్ళాలన్న నిబంధన ఉంది, కాబట్టి అర్జీల మీద అర్జీలు పెడుతూ ఏడాది గడపకండి. ఫిర్యాదు ఒక్కరి పేరున కాకుండా పంచాయతీ పేరునో కమిటీ పేరునో ఇవ్వండి. తవ్వేవాడికి పలుకుబడి ఉంటుంది, ఒంటరి మనిషి మీద ఒత్తిడి వస్తుంది.

డబ్బు

ప్రాజెక్టు డబ్బుతో మొదలైన కమిటీ చాలాసార్లు ప్రాజెక్టుతోనే ఆగిపోతుంది. కోరింగలో అడవి చుట్టుపక్కల ఊళ్ళకు ఎకో డెవలప్‌మెంట్ కమిటీలున్నాయి, మడల మధ్య చెక్క వంతెన, పడవ షికారు అక్కడ ఆదాయ మార్గం. అది మంచి నమూనాయే, కానీ ప్రతి మొగకూ టూరిస్టులు రారు, వస్తే చెత్తా వస్తుంది. చొల్లంగి అమావాస్యకు సాగర స్నానానికి వచ్చే జనం ఒక్కరోజులో వదిలేది చూస్తే తెలుస్తుంది. టికెట్టు డబ్బులో కాలువల పూడికకు, రాత్రి కాపలా కూలికి ముందే వాటా తీసి పెట్టండి. కాపలా కుర్రాళ్ళను ఉచితంగా పనిచేయమనడం మొదటి ఏడాది నడుస్తుంది, రెండో ఏడాది నడవదు. జమాఖర్చులు మూడు నెలలకోసారి ఊరి మధ్య బోర్డు మీద రాయండి.

ఏడాది పనుల పట్టిక

జనవరి: పక్షుల గణన, తాబేళ్ళ కాపలా మొదలు, వీధి దీపాలకు అడ్డు.
ఫిబ్రవరి, మార్చి: గూళ్ళ లెక్క, కొట్టుకొచ్చిన తాబేళ్ళ రికార్డు, లెవెల్ సర్వే.
ఏప్రిల్, మే: పిల్లలను వదలడం, కాలువల తవ్వకం, పూడికతీత. వేట నిషేధం కాబట్టి మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, కట్టుబాటు మీటింగులు ఇప్పుడే.
జూన్: హేచరీ విప్పడం, చిరిగి తీరాన పడిన వలల ఏరివేత.
జూలై, ఆగస్టు, సెప్టెంబరు: వరద కాలం. పాయల్లో నీటి మట్టం, సెలినిటీ రాయడం, కిందటేడు మొక్కల్లో బతికినవి లెక్కపెట్టడం. జూలై 26న ఫొటో కావాలంటే ఈ లెక్క పట్టుకుని దిగండి. విత్తనాలు రాలడం మొదలైతే నర్సరీ.
అక్టోబరు, నవంబరు: నాటడం. చీరమీను కాలం, వదిలేసిన కయ్యల మీద కన్నేసి ఉంచడం. తుపాను వస్తే అన్నీ ఆపి ఊరి పని.
డిసెంబరు: కాపలా బృందాలకు అటవీ శాఖ శిక్షణ, తాబేళ్ళ అనుమతి కాగితం కొత్త సీజనుకు తీసుకోవడం, జమాఖర్చులు బోర్డు మీదకు ఎక్కించడం.